మౌలాలి గుట్ట నుంచి బెర్లిన్ గోడ దాకా... ఒక శని, ఆదివారం!

తెరమీద హీరో ఫారిన్ వెళితే ఏం చేస్తాడు?

విమానం దిగుతాడు. పొడుగు కోటు తొడుక్కుంటాడు. మరుక్షణం రంగురంగుల పూలతోటలో హీరోయిన్‌తో డ్యూయెట్టు! వీసా ఎలా వచ్చింది, గది అద్దె ఎవరు కడుతున్నారు, రాత్రికి అన్నం ఎవరు వండారు - ఏ డైరెక్టరూ చెప్పడు. మనమూ అడగం. నేల టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళేది పాట చూడ్డానికి గానీ పద్దులు చూడ్డానికి కాదు కదా!

కానీ మౌలాలిలో ఒక తండ్రి అడిగాడు.

ఆయన డీజిల్ షెడ్డులో పనిచేసి రిటైరయిన మనిషి. కొడుకు జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఒక అక్టోబరు ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ ఫోను తెరిస్తే, కొడుకు ఫోటోలు! బెర్లిన్ గోడ ముందు ఒకటి, సినిమా స్టూడియో గేటు ముందు ఒకటి, నల్ల కళ్ళద్దాలతో నది ఒడ్డున ఒకటి.

ఆయన వెంటనే ఫోను కలిపాడు. "ఏందిరా ఇది? ఈడ నేను లోను కడ్తుంటే ఆడ నువ్వు షికార్లు కొడ్తున్నవా?"

కొడుకు జవాబు చెప్పలేదు. "తర్వాత చెప్త నాయినా" అని పెట్టేశాడు. ఆ 'తర్వాత' రావడానికి నాలుగు నెలలు పట్టింది.

సెమిస్టరు సెలవుల్లో ఆ అబ్బాయి ఇంటికొచ్చినప్పుడు ఒక సాయంత్రం నన్ను మౌలాలి గుట్ట ఎక్కించాడు. మా వీధివాడే. చిన్నప్పట్నుంచీ నన్ను 'అన్నా' అంటాడు. "సినిమా పేపర్లకు రాస్తవు కదన్నా, నా కథ కూడా రాయి. కానీ పేరు వద్దు. ఎందుకో ఆఖర్ల నీకే తెలుస్తది" అన్నాడు. సరే, మనం అతన్ని 'మన మౌలాలి కుర్రాడు' అందాం. ఇది అతని శని, ఆదివారాల కథ.

ముందు పైసల సంగతి!

జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. ఆ మాట విని మన కుర్రకారు ఎగిరి గంతేస్తారు. 2023-24 చలికాలపు సెమిస్టరు నాటికి అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు సుమారు 49 వేల మంది. చైనాను కూడా దాటి మొదటి స్థానంలో ఉన్నాం!

కానీ ఫీజు లేనంత మాత్రాన ఖర్చు లేకపోతుందా? వీసాకు ముందే ఒక ప్రత్యేక ఖాతాలో ఏడాది తిండికీ, అద్దెకీ సరిపడా డబ్బు చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. మన లెక్కలో పన్నెండు లక్షల దాకా! అది కూడా ఒక్కసారిగా చేతికివ్వరు. నెలకు 992 యూరోలు చొప్పున వదులుతారు. అద్దె, ఆరోగ్య బీమా, బియ్యం, పప్పు... అన్నీ అందులోనే.

పార్ట్‌టైము పని చేసుకోవచ్చు, కానీ దానికీ హద్దుంది. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు. మన కుర్రాడు ఒక గోడౌన్లో పెట్టెలు మోస్తాడు. "డిగ్రీ చదివేటప్పుడు అమ్మ గ్యాసు సిలిండరు లోపల పెట్టమంటే కూడా పెట్టకపోతుంటి అన్నా" అని నవ్వాడు.

మరి ఇంత బిగుతు బతుకులో షికార్లెలా?

కిటుకు టిక్కెట్టులో ఉంది! జర్మనీలో 2023 మే 1న ఒక నెలవారీ పాసు మొదలైంది. అప్పుడు ధర 49 యూరోలు. 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. ఆ ఒక్క పాసుతో దేశమంతా లోకల్ రైళ్ళు, ప్రాంతీయ రైళ్ళు, బస్సులు, ట్రాములు ఎక్కొచ్చు. మహా వేగంగా పోయే తెల్ల రైళ్ళు మాత్రం ఎక్కనివ్వరు. చాలా యూనివర్సిటీలు విద్యార్థులకు ఇదే పాసును తక్కువ రేటుకు సెమిస్టరు రుసుములోనే కలిపి ఇస్తాయి. అంటే శుక్రవారం సాయంత్రం సంచి భుజాన వేసుకుంటే, రైలు ఖర్చు సున్నా!

శుక్రవారం: పదహారు గుర్రాల ఊరి నుంచి

మన కుర్రాడు ఉండేది మాగ్డెబర్గ్‌లో. పేరు ఎక్కడో విన్నట్టుందా? హైస్కూలు సైన్సు పుస్తకం గుర్తు తెచ్చుకోండి! రెండు రాగి అర్ధగోళాలను కలిపి, లోపలి గాలి తీసేసి, రెండు వైపులా గుర్రాలను కట్టి లాగించినా విడిపోలేదని చదువుకోలేదూ? 1650లలో ఆ ప్రయోగం చేసిన ఒట్టో ఫాన్ గెరికె ఆ ఊరి మేయరే!

అక్కణ్ణుంచి ప్రాంతీయ రైల్లో బెర్లిన్‌కు రెండు గంటల లోపు ప్రయాణం. అక్కడ మన వాళ్ళు నలుగురు కలిసి ఒక ఫ్లాటులో ఉంటున్నారు. ఒకడిది కుషాయిగూడ, ఇంకొకడిది వరంగల్, మిగతా ఇద్దరిదీ గుంటూరు. వంటింట్లో పప్పుచారు, కోడికూర. చింతపండు ఆసియా వాళ్ళ కొట్లో దొరికిందట. పడక ఎక్కడ? నేలమీద దుప్పటి!

రాత్రి లాప్‌టాప్‌లో తెలుగు సినిమా పెట్టుకున్నారు. ఇంటర్వెల్ ఫైటు రాగానే ఈలలు! అంతే, కాలింగ్ బెల్ మోగింది. ఎదురింటి ముసలావిడ. జర్మనీలో రాత్రి పది దాటాక చప్పుడు చేయడం మహాపరాధం. కుర్రాళ్ళు తలలు వంచుకుని 'సారీ' చెప్పి, మిగతా సినిమా సౌండు తగ్గించి చూశారు. ఈల లేని ఫైటు ఉప్పు లేని పప్పే కదా పాపం!

అన్నట్టు, మన పెద్ద సినిమాలు విడుదలైనప్పుడు జర్మనీ ఊళ్ళలోనూ ఆటలు పడతాయి. అయితే అక్కడి హాళ్ళలో మామూలుగా విదేశీ సినిమాలన్నిటికీ జర్మన్ డబ్బింగే. హాలీవుడ్ హీరో కూడా జర్మన్లోనే మాట్లాడతాడు! అసలు భాషలో చూడాలంటే పోస్టరు మీద 'ఓ.వీ.' అని గానీ, సబ్‌టైటిల్స్ ఉన్నవైతే 'ఓ.ఎం.యు.' అని గానీ ఉందా అని చూసుకోవాలి. మొదట్లో అది తెలియక మన కుర్రాడు ఒక ఇంగ్లీషు సినిమాకు టిక్కెట్టు కొని, రెండు గంటలు మూకీ సినిమా చూసినట్టు చూసి వచ్చాడు.

శనివారం: గోడ, గేటు, మన వాల్తేరు అమ్మాయి

పొద్దున్నే బ్రాండెన్‌బర్గ్ గేటు. 1791 నాటి కట్టడం. ఆ గేటు ముందు నుంచే 1961 ఆగస్టు 13న మొదలైన బెర్లిన్ గోడ పోయేది. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే ఊరిని రెండు దేశాలుగా చీల్చిన గోడ! 1989 నవంబరు 9 రాత్రి దాని తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడు గోడ పోయిన దారి వెంట రోడ్డు మీద రెండు వరసల రాళ్ళు పరిచి ఉంటాయి. ఆ గీతకు ఇటొక కాలు, అటొక కాలు వేసి మన వాడు ఫోటో దిగాడు.

గోడ మిగిలిన చోటు కూడా చూశాడు. స్ప్రే నది ఒడ్డున కిలోమీటరు పైచిలుకు పొడవునా చిత్రకారులు బొమ్మలు వేసిన గోడ. తండ్రి చూసిన ఫోటో అక్కడిదే. హిందీ సినిమా అభిమానులకు బెర్లిన్ అనగానే షారుఖ్‌ఖాన్ 'డాన్ 2' గుర్తొస్తుంది. 2011లో వచ్చిన ఆ సినిమా చాలా భాగం ఈ వీధుల్లోనే తీశారు. మరుసటి ఏడాది బెర్లిన్ చిత్రోత్సవంలోనూ చూపించారు. 1951లో మొదలైన ఆ ఉత్సవం ఇప్పుడు ప్రతి ఫిబ్రవరిలో జరుగుతుంది.

బెర్లిన్‌లో హైదరాబాద్ కుర్రాడు అంటే ఒక పేరు చెప్పకుండా ముందుకు పోకూడదు. ఆబిద్ హసన్! ఇంజనీరింగ్ చదువుదామని జర్మనీ వెళ్ళిన హైదరాబాదీ. బెర్లిన్‌లో నేతాజీ సుభాష్ చంద్రబోస్‌ను కలిశాడు. చదువు వదిలేసి ఆయనకు కార్యదర్శి అయ్యాడు. 1943 ఫిబ్రవరిలో నేతాజీతో పాటు జర్మన్ జలాంతర్గామి ఎక్కి కీల్ రేవు నుంచి బయలుదేరాడు. ఏప్రిల్లో నడిసముద్రంలో, అలల మధ్య రబ్బరు తెప్ప మీద జపాన్ జలాంతర్గామిలోకి మారారు ఇద్దరూ. ఏ కథారచయిత రాసినా 'అతిగా ఉంది' అంటాం కదూ! 'జైహింద్' నినాదం కూడా ఆయన సూచించిందేనని చెబుతారు. నేతాజీ ఆ రోజుల మీద 2005లో సినిమా తీసిన శ్యామ్ బెనెగళ్ ఎక్కడ పుట్టారు? మౌలాలికి కూతవేటు దూరంలో, తిరుమలగిరిలో!

మధ్యాహ్నం రైలెక్కి పాట్స్‌డామ్. ఆ ఊళ్ళో ఉన్న బాబెల్స్‌బెర్గ్ స్టూడియో 1912లో మొదలైంది. ప్రపంచంలో పెద్ద స్టూడియోల్లో అతి పాతవాటిలో ఒకటి. ఫ్రిట్జ్ లాంగ్ 'మెట్రోపోలిస్' (1927) అక్కడే తీశాడు. మార్లిన్ డీట్రిచ్‌ను తారను చేసిన 'బ్లూ ఏంజెల్' (1930) కూడా అక్కడిదే.

ఇక్కడ మన తెలుగు వాళ్ళు కాలరెగరేసే సంగతొకటి. భారతీయ వెండితెర తొలి మహారాణి దేవికారాణి పుట్టింది ఎక్కడ? వాల్తేరులో, 1908లో! పుట్టింది బెంగాలీ ఇంట్లోనైనా ఊరు మన విశాఖపట్నం. ఆమె, భర్త హిమాంశు రాయ్ 1929 ప్రాంతంలో జర్మనీలోని యూఫా స్టూడియోలో సినిమా పని నేర్చుకున్నారు. తిరిగొచ్చి 1934లో బాంబే టాకీస్ పెట్టారు. వాళ్ళ వెంట మ్యూనిక్ నుంచి డైరెక్టరు ఫ్రాంజ్ ఓస్టెన్, కెమెరామన్ జోసెఫ్ విర్షింగ్ వచ్చారు. దేవికారాణి, అశోక్‌కుమార్‌ల 'అఛూత్ కన్య' (1936) డైరెక్ట్ చేసింది ఆ ఓస్టెనే. 'మహల్', 'పాకీజా' సినిమాల్లో వెలుగునీడలు చూసి మురిసిపోయారా? ఆ కెమెరా విర్షింగ్‌ది! మొట్టమొదటి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు దేవికారాణికే దక్కింది.

స్టూడియో పక్కనే సందర్శకుల కోసం సినిమా పార్కు ఉంది. మన కుర్రాడు గేటు దాకా వెళ్ళి టిక్కెట్టు ధర చూశాడు. మనసులో వందతో గుణించాడు. గేటు ముందు ఫోటో దిగి వెనక్కొచ్చాడు! ఊళ్ళో రాజుగారి పాత గుర్రపుశాలలో ఉన్న ఫిల్మ్ మ్యూజియం మాత్రం విద్యార్థి రాయితీ మీద చూశాడు. "లోపలికి పోనిదానికి ఫోటో ఉన్నది, లోపలికి పోయినదానికి ఫోటో లేదు. నాయినకేమో మొదటిదే కనవడ్డది" అన్నాడు.

ఆదివారం: అసలు ప్రయాణం

ఇంతదాకా చదివి 'ఆహా, హాయిగా తిరిగాడు' అనుకుంటున్నారా? నేనూ అదే అనుకున్నాను. అప్పుడు అతను చెప్పాడు. "అన్నా, నేను బెర్లిన్ కోసం పోలే. లైప్‌జిగ్ కోసం పోయిన."

లైప్‌జిగ్‌లో అతని ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు చదువుతున్నాడు. ఇద్దరూ ఇక్కడ ఒకే బస్సెక్కి కాలేజీకి వెళ్ళేవాళ్ళు. అలాంటి స్నేహితుడు రెండు వారాలుగా ఫోను ఎత్తడం లేదు. మెసేజీ పెడితే చూసినట్టు గుర్తు వస్తుంది, జవాబు రాదు. బెర్లిన్ మిత్రులూ అదే చెప్పారు. "మా ఫోనూ ఎత్తుతలేడు" అని.

ఆదివారం ఉదయం బయలుదేరాడు. విటెన్‌బర్గ్‌లో రైలు మారాలి. జర్మనీ రైళ్ళు గడియారం ముల్లులాగా నడుస్తాయని మనకొక నమ్మకం ఉంది చూశారూ, దాన్ని పక్కన పెట్టండి! 2024లో అక్కడి దూరప్రాంత రైళ్ళలో సకాలంలో వచ్చినవి వందకు 62 చిల్లర మాత్రమే. ఆరు నిమిషాలు దాటకపోతే అసలు ఆలస్యంగానే లెక్కపెట్టరు! ఆ రోజు మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోయింది. ప్లాట్‌ఫారం మీద గంట సేపు చలిలో నిలబడ్డాడు. ఆదివారం కదా, ఊళ్ళో దుకాణాలన్నీ బందు. సంచిలో బెర్లిన్ మిత్రులు కట్టిచ్చిన పులిహోర ఉంది. సగం తిన్నాడు. సగం దాచాడు.

లైప్‌జిగ్ స్టేషను 1915లో పూర్తయింది. యూరపులోని అతి పెద్ద రైల్వే స్టేషన్లలో ఒకటి. మన సికింద్రాబాద్ స్టేషన్లో తప్పిపోయిన మనిషిని మైకులో పిలిపించొచ్చు. అక్కడ ఎవరిని పిలుస్తాడు? ట్రామెక్కి నేరుగా స్నేహితుడి హాస్టలుకు వెళ్ళాడు. మూడుసార్లు తలుపు కొట్టాక తెరిచాడు.

"మనిషి సగమయిండన్నా. గడ్డం పెరిగింది. పరదాలు మూసుకుని చీకట్ల కూసున్నడు."

సంగతేమిటంటే, ఒక ముఖ్యమైన పేపరు రెండుసార్లు తప్పాడు. జర్మనీలో చాలా కోర్సుల్లో ఒక పరీక్షకు మూడే అవకాశాలు. మూడోసారీ తప్పితే ఆ కోర్సులోంచి బయటికే. కోర్సు పోతే వీసా చిక్కుల్లో పడుతుంది. ఇంటి దగ్గర లోను. తల్లికి ఆ సంగతి చెప్పలేదు. ఫోనులో 'అంతా బాగుందమ్మా' అని అబద్ధం చెప్పీ చెప్పీ, చివరికి ఫోనే మానేశాడు.

మన కుర్రాడు ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. మిగిలిన పులిహోర తినిపించాడు. "లే, గడ్డం గీసుకో, ఊరు చూపించు" అన్నాడు.

ఇద్దరూ బయటపడ్డారు. సెయింట్ థామస్ చర్చి చూశారు. సంగీత చక్రవర్తి బాఖ్ 1723 నుంచి 1750లో పోయేదాకా పనిచేసిన చోటు. ఆయన సమాధీ అక్కడే. తర్వాత సెయింట్ నికోలస్ చర్చి. 1989 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదలై సుమారు 70 వేల మంది కొవ్వొత్తులతో, తుపాకులకు భయపడకుండా వీధుల్లో నడిచారు. సరిగ్గా నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ తెరుచుకుంది!

ఆఖర్న ట్రామెక్కి ఊరి చివరి స్మారకం దగ్గరికి వెళ్ళారు. 1813లో నెపోలియన్ ఓడిన యుద్ధానికి గుర్తుగా 1913లో కట్టిన నల్లటి రాతి కొండ. ఎత్తు 91 మీటర్లు. లోపల సన్నటి మెట్లు, వందల కొద్దీ! సగం ఎక్కేసరికి స్నేహితుడు కూలబడ్డాడు. "నా వల్ల కాదురా" అన్నాడు.

"మౌలాలి గుట్ట ఎక్కినోడివి, ఇదేందిరా నీకు? చిన్నప్పుడు మీ అమ్మ నిన్ను చెయ్యి పట్టుకుని ఎక్కియ్యలేదా?"

ఆ మాటకు ఆ అబ్బాయి బావురుమన్నాడట. వెనక వస్తున్న జర్మన్ దంపతులు ఒక్క మాట కూడా మాట్లాడకుండా, గోడకు ఒదిగి పక్కనుంచి వెళ్ళారట. పావుగంట తర్వాత లేచి ఇద్దరూ పైదాకా ఎక్కారు. కిందికి దిగాక, గేటు బయట బెంచీ మీద కూర్చుని, ఆ అబ్బాయి తల్లికి ఫోను చేశాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఆ తల్లి ఏమందో తెలుసా? "పరీక్ష పోతే పోనీ బిడ్డా, నువ్వు ఫోను మాత్రం ఎత్తు" అంది.

మర్నాడు ఆ అబ్బాయి విద్యార్థుల సహాయ కేంద్రానికి వెళ్ళాడు. జర్మనీ యూనివర్సిటీ ఊళ్ళలో ఇలాంటి కేంద్రాలుంటాయి. మనసు బాగాలేకపోతే మాట్లాడడానికి సలహాదారులుంటారు. పైసా తీసుకోరు, గుట్టు బయట పెట్టరు. చాలాచోట్ల ఇంగ్లీషులోనూ మాట్లాడతారు. అక్కడికి వెళ్ళే మన పిల్లలు, ఈ సంగతి పాస్‌పోర్టుతో పాటు సంచిలో పెట్టుకోండి!

లెక్క తేలింది

గుట్ట మీద చీకటి పడుతోంది. దర్గా దగ్గర దీపాలు వెలిగాయి. కింద పట్టాల మీద ఒక రైలు కూత వేసుకుంటూ కాజీపేట వైపు పోయింది. నేను జేబులోంచి కాగితం తీసి, "ఇంతకీ ఆ రెండు రోజులకూ ఎంతయింది తమ్ముడూ?" అని అడిగాను.

వేళ్ళ మీద లెక్కపెట్టాడు. రైలు సున్నా. పడక సున్నా. ఇంటి తిండి కాక బయట తిన్న రొట్టె ఒకటి, రెండు కాఫీలు, మ్యూజియం టిక్కెట్టు, స్మారకం దగ్గర ఇద్దరి టిక్కెట్లు. మొత్తం 38 యూరోలు. ప్లాట్‌ఫారాల మీద ఏరిన ఖాళీ ప్లాస్టిక్ సీసాలు మెషీనులో వేస్తే, సీసాకు 25 సెంట్ల చొప్పున రెండు యూరోలు తిరిగి వచ్చాయట. అంటే 36!

"ఈ లెక్క ఆ రోజే నాయినకు చెప్పుంటే అయిపోయేది కదా?" అన్నాను.

"లెక్క చెప్పాల్నంటే లైప్‌జిగ్ ఎందుకు పోయిననో చెప్పాలె. వాని సంగతి వాడు ఇంట్ల చెప్పుకోకముందే నేనెట్ల చెప్త? ఇంక తర్వాత... నాయిన కోపంల ఉండె. ఫోన్‌ల చెప్తే సమజ్ కాదనుకున్న."

మొన్న ఇంటికొచ్చిన రాత్రి చెప్పాడట. తండ్రి అంతా విన్నాడు. ఫోటోల మాట ఎత్తలేదు. ముప్ఫయ్యారు యూరోల మాటా ఎత్తలేదు. చాలాసేపటికి ఒకటే అడిగాడు.

"ఆ పిలగాడు ఇప్పుడు మంచిగ తింటుండా?"

తింటున్నాడు. ఫోనూ ఎత్తుతున్నాడు. మూడోసారి పరీక్ష ఫిబ్రవరిలో రాశాడు. ఫలితం ఈ నెలాఖరుకు వస్తుందట. మన కుర్రాడు తిరుగు ప్రయాణంలో ఆ తల్లి ఇచ్చిన గోంగూర పచ్చడి సీసా పట్టుకుపోతున్నాడు. మాగ్డెబర్గ్ చేరాక వచ్చే మొదటి శనివారమే లైప్‌జిగ్ రైలు!

మీ స్నేహితుడెవరైనా పరదేశంలో నల్ల కళ్ళద్దాలతో ఫోటో పెడితే 'వాడికేం, రాజా!' అనుకోకండి. ఒకసారి ఫోను చేయండి. ఎత్తకపోతే మళ్ళీ చేయండి.